అవే ఆరు అక్షరాలు, అర్థాలు మాత్రం వేరు: ఇంగ్లిష్ మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నేర్చుకునే పద్ధతి

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక మేడ మీద గదిలో సాయంత్రం పూట ఇంగ్లిష్ చెప్తుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పోటీ పరీక్షలకు చదివేవాళ్లే. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, హుజూరాబాద్ నుంచి బస్సుల్లో వస్తారు. అందరి బాధా ఒకటే: "సార్, పొద్దుగాల సదివిన మాట మాపటికి యాదికుంటలేదు. ఒకదాని అర్థం ఇంకోదానికి రాస్తున్న."

వాళ్ల తప్పులన్నీ ఒకచోట రాసి చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది. కలిసిపోయే మాటల్లో చాలావరకు ఆరక్షరాలవే, పైగా అవే అక్షరాలు అటూ ఇటూ మారినవి. జంధ్యాన్ని 'సేక్రిడ్ థ్రెడ్' అనాలి, ఒకతను 'స్కేర్డ్ థ్రెడ్' అని రాసుకొచ్చాడు. అంటే భయపడ్డ దారం. రెండు మాటల్లోనూ అవే ఆరు అక్షరాలు, సి, ఏ చోటు మార్చుకున్నాయి అంతే.

ఇది జ్ఞాపకశక్తి తక్కువై జరిగేది కాదు, మాటను ఒంటరిగా నేర్చుకోవడం వల్ల జరిగేది. ఊళ్లో కవల పిల్లలుంటే ఒక్కణ్ణి ఎన్నిసార్లు చూసినా వీడు రాముడా లక్ష్మణుడా అనేది తేలదు, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూసినప్పుడే ఒకడి నుదుటి మీద మచ్చ కనిపిస్తుంది. మాటలూ అంతే.

ఒక మాట ముందే చెప్తున్నా. ఇక్కడ ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, అవసరమైన చోట అక్షరాలు విడదీసి చెప్తాను. మీ నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. ఎందుకో ఆరో భాగంలో వస్తుంది.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

పెద్ద ఖర్చేమీ లేదు.

☐ 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. కుడివైపు పేజీలో మాటల కుటుంబం, ఎడమవైపు పేజీ ఖాళీ. తర్వాత దొరికే మాటలకు ఆ చోటు కావాలి.
☐ నీలం, ఎరుపు పెన్నులు. ఎరుపుతో తేడా ఉన్న అక్షరం మాత్రమే రాయాలి. మొత్తం ఎర్రగా చేస్తే ఇక ఏం కనిపించదు.
☐ ఇంగ్లిష్-ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ, లేదంటే ఫోన్‌లో పలికి వినిపించే డిక్షనరీ. వినిపించే సౌకర్యం తప్పనిసరి.
☐ పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించిన చీటీలు. వెనకవైపు తెల్లగా ఉంటుంది, సరిపోతుంది.
☐ మీరు రాసిన పాత టెస్టు పేపర్లు, ముఖ్యంగా తప్పులు రాసినవి.

చివరిదే అన్నిటికన్నా విలువైనది. బజార్లో దొరికే 'వెయ్యి ముఖ్యమైన పదాలు' లాంటి జాబితాలతో మొదలుపెట్టొద్దు. మీరు ఇప్పటికే తప్పు చేసిన ఇరవై మాటలతో మొదలుపెట్టండి, వాటి చుట్టూ కుటుంబాలు వాటంతటవే పెరుగుతాయి.

2. మాటను విప్పి అక్షరాలను వరుసలో పెట్టడం

మొదటి అడుగు ఇదే, అర్థం జోలికి ఇంకా పోవద్దు. మాటలోని ఆరు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరమాల వరుసలో తిరగరాయండి. దీన్ని నేను 'తాళం' అంటాను, మీరు ఏ పేరైనా పెట్టుకోండి.

ఉదాహరణకు డేంజర్. అక్షరాలు డి, ఏ, ఎన్, జి, ఈ, ఆర్. వరుసలో పెడితే ఏ, డి, ఈ, జి, ఎన్, ఆర్. ఇప్పుడు గార్డెన్‌ను విప్పండి. అదే తాళం. అంటే తోట, ప్రమాదం రెండూ ఒకే ఇంట్లో పుట్టాయన్నమాట. మగ బాతును గాండర్ అంటారు, అదీ ఈ ఇంటిదే. పెద్ద బాతు అని గుర్తుంచుకోండి, ఆ పెద్ద బాతుల్లో ఆడదాన్ని గూస్ అంటారు.

తాళం పేజీ పైన రాయాలి, దాని కింద ఆ తాళంతో తెరుచుకునే మాటలన్నీ. కొత్త మాట ఎదురైనప్పుడల్లా ముందు దాని తాళం రాసి, ఆ పేజీ ఇప్పటికే ఉందేమో వెతకండి. ఉంటే మీ దగ్గర ఒక కవల దొరికినట్టే.

ఆరు అక్షరాలూ వేరువేరుగా ఉంటే వాటిని 720 రకాలుగా పేర్చొచ్చు. ఒక అక్షరం రెండుసార్లు వస్తే 360. ఇన్‌డీడ్ లాంటి మాటలో డి రెండు, ఈ రెండు ఉన్నాయి కాబట్టి 180 మాత్రమే. ఈ 720లో నిజంగా మాటలయ్యేవి నాలుగో ఐదో ఉంటాయి, అందుకే గుడ్డిగా పేర్చుకుంటూ పోకూడదు. ఆరు అక్షరాలను గుండ్రంగా రాసి, మాట చివర వచ్చే ఈడీ, ఈఆర్, ఎస్, మాట మొదట్లో వచ్చే ఆర్ఈ, ఈఎన్, ఐఎన్ లాంటి ముక్కలను ముందు పక్కకు తీయండి. మిగిలేది నాలుగో ఐదో అక్షరాలే. అప్పుడు కన్ను తొందరగా పట్టేస్తుంది.

3. కుటుంబం ఏ రకమో తేల్చుకోవడం

మూడు రకాలుంటాయి. ఏ రకమో తెలియకుండా అందరికీ ఒకే మందు వేస్తే పని చేయదు.

మొదటి రకం: ఆరుకు ఆరు అక్షరాలూ అవే, వరుస మాత్రమే వేరు. సేక్రిడ్, స్కేర్డ్ లాంటివి. ఇక్కడ కన్ను మోసపోతుంది.

రెండో రకం: ఒక్క అక్షరం తేడా. అఫెక్ట్, ఎఫెక్ట్ లాంటివి. ఇక్కడ చెవి మోసపోతుంది, అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

మూడో రకం: హల్లుల చట్రం ఒకటే, లోపల అచ్చు మారుతుంది. బ్యాటర్, బెటర్, బిట్టర్, బటర్. ఇవి సులువు, మన గుణింతం లాంటివి. క, కి, కు, కె అని చదువుకున్నవాళ్లకు ఇందులో కష్టమేముంది.

4. అర్థం కన్నా ముందు పలుకుబడి

చాలామంది ఈ అడుగు దాటేస్తారు, తర్వాత ఏడుస్తారు.

ఫోన్‌లో మాటను మూడుసార్లు వినండి, బయటికి పలకండి, ఏ అక్షరం పలకడం లేదో దాని కింద గీత గీయండి. లిసన్‌లో టి పలకదు. సాలెమ్‌లో చివరి ఎన్ పలకదు. రసుల్ అని పలికే మాటలో కూడా టి ఉంది కానీ పలకదు, ఎండుటాకుల గలగల అని దాని అర్థం. తమాషా ఏమిటంటే సైలెంట్ అనే మాటలో సైలెంట్‌గా ఉండే అక్షరం ఒక్కటీ లేదు.

ఇందులో గమ్మత్తైన ఇల్లు డిజైన్‌ది. డి, ఈ, ఎస్, ఐ, జి, ఎన్. అవే అక్షరాలతో సైన్డ్, అంటే సంతకం చేసిన. ఈ రెంటిలో జి పలకదు. మూడోది సింజ్డ్, ఇందులో జి 'జ' అని పలుకుతుంది. పైపైన కాలడం, కమరడం అని అర్థం. మన దగ్గర మేక తలకాయ, కాళ్లు తెచ్చి మంట మీద వెంట్రుకలు పోయేలా కాలుస్తారు చూడండి, ఆ పనికి ఇంగ్లిష్‌లో అచ్చంగా సింజ్ అనే అంటారు. ఆ కమురు వాసన గుర్తున్నన్నాళ్లూ ఈ మాట మర్చిపోరు.

పలుకుబడి దగ్గర తలకిందులయ్యే జంట ఒకటుంది. 'వండర్' అని వినిపించే మాటలో రెండో అక్షరం ఓ, అర్థం ఆశ్చర్యం. 'వాండర్' అని వినిపించే మాటలో రెండో అక్షరం ఏ, అర్థం ఊరికే తిరగడం. చెవికి వినిపించిన దానికీ రాసేదానికీ ఇక్కడ పొత్తు లేదు. నేను చెప్పే గుర్తు: తిరగడానికి పోతే ఏ దారైనా ఒకటే, కాబట్టి తిరగడానికి ఏ.

5. అర్థం రాసే తీరు

ఇప్పుడు అర్థం. ప్రతి మాటకూ మూడు ముక్కలు రాయాలి, అంతకన్నా ఎక్కువ వద్దు.

☐ అది పేరా, పనా, గుణమా. అంటే నామవాచకమా, క్రియా, విశేషణమా.
☐ మీ ఇంట్లో వాడే తెలుగులో అర్థం. డిక్షనరీ తెలుగు కాదు.
☐ మీ ఊరి వస్తువుతోనో మనిషితోనో ఒక వాక్యం.

మూడోది రాయడానికి బద్ధకిస్తే మొదటి రెండూ నెల తిరిగేసరికి ఎగిరిపోతాయి. కొన్ని కుటుంబాలను ఇలాగే నింపి చూపిస్తాను.

తాళం ఏ, డి, ఈ, హెచ్, ఆర్, టి

థ్రెడ్: దారం. కొత్తవాడలో దర్రీ నేసే మగ్గం మీద పడుగైనా పేకైనా థ్రెడ్డే.
హేట్రిడ్: ద్వేషం. ఇది పేరు, పని కాదు. పని కావాలంటే హేట్.
డర్త్: కొరత. నాట్ల సమయంలో యూరియాకు వచ్చేది డర్త్. దీన్ని 'డియర్త్' అని పలకొద్దు, మధ్యలో ఉన్న ఈ, ఏ చూసి అందరూ అలాగే పలుకుతారు.

మూడింటినీ కలిపి ఒక్క వాక్యంలో కట్టొచ్చు: దారానికి కొరత వస్తే నేతగాళ్ల మధ్య ద్వేషం పుట్టింది. వాక్యం కొంచెం పిచ్చిగా ఉంటేనే మంచిది, బాగా గుర్తుంటుంది.

తాళం సి, ఈ, ఓ, ఆర్, ఎస్, యు

సోర్స్: పుట్టే చోటు, మూలం. కోర్స్: సాగే దారి. గోదావరి సోర్స్ మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గర, దాని కోర్స్ మన ధర్మపురి, మంథని, కాళేశ్వరం మీదుగా. ఈ ఒక్క వాక్యం చాలు. కాలేజీలో చేరే కోర్సు కూడా ఇదే మాట, అదీ సాగే దారే కదా.

దీని పక్కనే ఒక దొంగ కవల ఉంది. యు బదులు ఏ పెడితే వచ్చే కోర్స్, పలికేది ఒకేలా. దాని అర్థం దొడ్డు, గరుకు. డిక్షనరీ చూస్తే 'ముతక' అని రాసి ఉంటుంది, అది చదివితే మా పిల్లలకు ముతక పంచె తప్ప ఇంకేం తోచదు. రేషన్ దుకాణం దగ్గర సన్న బియ్యం, దొడ్డు బియ్యం అంటాం, ఆ దొడ్డు బియ్యమే కోర్స్ రైస్. ఏ ఉంటే దొడ్డు, యు ఉంటే దారి.

తాళం ఏ, సి, డి, ఈ, ఆర్, ఎస్

సేక్రిడ్: పవిత్రమైన. మేడారంలో గద్దెలు సేక్రిడ్.
స్కేర్డ్: భయపడ్డ.
కేడర్స్: పార్టీ శ్రేణులు, ఉద్యోగ శ్రేణులు. ఐఏఎస్ వాళ్లకు తెలంగాణ కేడర్ అనేది ఈ మాటే, చివర ఎస్ తీసేస్తే.
సీడర్స్: దేవదారు చెట్లు.

గుర్తు: స్కేర్డ్‌లో ఎస్, సి పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి, భయమేస్తే పిల్లలు అతుక్కున్నట్టు. సేక్రిడ్‌లో వాటి మధ్య ఏ నిలబడి దూరం పాటిస్తుంది.

తాళం ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి

లిసన్: చెవి పెట్టి వినడం. ఊరికే చెవిన పడటం కాదు, దానికి హియర్ వేరే ఉంది.
సైలెంట్: మౌనంగా ఉన్న.
ఎన్‌లిస్ట్: సైన్యంలో చేరడం, లేదా ఎవరి సాయమైనా కూడగట్టడం. లిస్టులోకి ఎక్కడం అనుకుంటే అర్థం అందులోనే ఉంది.
టిన్సెల్: తళుకు దండలు, మెరుపు దారం. వినాయక మండపాలకు, క్రిస్మస్ చెట్లకు కట్టేవి. పైపై మెరుపు అనే అర్థం కూడా ఉంది.
ఇన్‌లెట్స్: నీళ్లు లోపలికి వచ్చే దారులు.

తాళం ఈ, ఎల్, ఎమ్, ఎన్, ఓ, ఎస్

లెమన్స్ నిమ్మకాయలు, మెలన్స్ ఖర్బూజ లాంటి పండ్లు, ఇవి అందరికీ తెలుసు. వీటి మధ్యలో దూరేది సాలెమ్. గంభీరమైన, నిష్ఠతో కూడిన అని అర్థం. మంత్రులు ప్రమాణం చేసేటప్పుడు దైవసాక్షిగా అనని వాళ్లు 'సాలెమ్లీ అఫర్మ్' అంటారు, రాజ్యాంగం మూడో షెడ్యూలులో రెండు రకాలూ ఉన్నాయి. టీవీలో ప్రమాణ స్వీకారం ఇంగ్లిష్‌లో వచ్చినప్పుడు చెవి పెట్టండి.

తాళం ఏ, ఐ, ఆర్, ఎస్, టి, టి

ఆర్టిస్ట్ తెలుసు. ట్రెయిట్స్ అంటే లక్షణాలు, గుణాలు. స్ట్రెయిట్ అంటే జలసంధి, భారత్, శ్రీలంకల మధ్య ఉన్నది పాక్ స్ట్రెయిట్. నేరుగా అని చెప్పే స్ట్రెయిట్‌లో ఎనిమిది అక్షరాలున్నాయి, అది ఈ ఇంటిది కాదు. జాగ్రఫీ, ఇంగ్లిష్ రెండింటికీ పనికొచ్చే కుటుంబం ఇది.

ఇక ఒక్క అక్షరం తేడా ఉన్న జంటలు. వీటిలో ఎక్కువభాగం పేరు, పని అనే తేడాతోనే తేలిపోతాయి.

అడ్వైస్, అడ్వైజ్: సి ఉన్నది సలహా, ఎస్ ఉన్నది సలహా ఇవ్వడం. డివైస్, డివైజ్ కూడా అంతే, సి ఉన్నది పరికరం, ఎస్ ఉన్నది ఉపాయం కనిపెట్టడం. సి ఉన్న రెండింటి చివరా 'ఐస్' అనే మాట దాగి ఉంది. ఐస్ చేతితో పట్టుకోగల వస్తువు, కాబట్టి అది పేరు. ఒకే గుర్తుతో నాలుగు మాటలు.

అఫెక్ట్, ఎఫెక్ట్: మామూలుగా ఏ ఉన్నది పని, ఈ ఉన్నది ఫలితం. వాన పంటను అఫెక్ట్ చేస్తుంది, నష్టం ఆ వాన ఎఫెక్ట్. ఎఫెక్ట్ క్రియగా వస్తే 'అమల్లోకి తేవడం', ఇది పెద్ద పరీక్షల్లో అప్పుడప్పుడూ తగులుతుంది.

ఎన్ష్యూర్, ఇన్ష్యూర్: ఈ ఉన్నది తప్పక జరిగేలా చూడటం, ఐ ఉన్నది బీమా చేయడం. 2018లో మొదలైన రైతు బీమాలో రైతు పేరు మీద చేసేది ఐ ఉన్న ఇన్ష్యూర్.

బ్రీచ్: రెండు రకాలు. ఈ, ఏ ఉన్నది గండి, ఒప్పందం ఉల్లంఘన. చెరువు కట్ట తెగితే అది. రెండు ఈలు ఉన్నది ఎదురుకాళ్ల కాన్పు గురించి డాక్టర్లు వాడే మాట. పలికేది ఒకటే కాబట్టి విని రాస్తే దొరికిపోతారు.

లెసన్ జంట కూడా ఇలాంటిదే. ఓ ఉన్నది పాఠం, ఈ ఉన్నది తగ్గించడం. లెస్ అనే మాటకు ఈఎన్ తగిలిస్తే తగ్గించడం, ఇంకేం గుర్తు అక్కర్లేదు.

మూడో రకం త్వరగా ముగిద్దాం. బ్యాటర్ అంటే దోసె పిండి, క్రికెట్ ఆడేవాళ్లు, చితకబాదడం మూడూ. 2021లో క్రికెట్ చట్టాల్లోనే బ్యాట్స్‌మన్ బదులు ఈ మాట పెట్టారు. లాటర్ అంటే చెప్పిన రెండింటిలో రెండోది, లెటర్ ఉత్తరం, లిటర్ అంటే చెత్త, కుక్కో పిల్లో ఒక్క ఈతలో పెట్టిన పిల్లలన్నీ కూడా.

6. అందరూ చేసే తప్పులు, సరిచేసుకునే దారి

తప్పు: నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ మాటను తెలుగు లిపిలో రాసుకోవడం. కోర్స్ అని తెలుగులో రాస్తే దారా, దొడ్డా ఎలా తెలుస్తుంది? బ్రీచ్ అని రాస్తే గండా, కాన్పా? తెలుగు లిపి పలుకును పట్టుకుంటుంది, స్పెల్లింగును వదిలేస్తుంది. ఇక్కడ పని స్పెల్లింగుతోనే.
సరిచేయడం: ఇంగ్లిష్‌లో మాట, పక్కన చిన్నగా తెలుగులో పలుకు. రెండూ ఉండాలి.

తప్పు: రోజుకు వంద మాటలు. నాలుగో రోజుకు టెన్షన్, ఎనిమిదో రోజుకు పుస్తకం అటక మీద.
సరిచేయడం: రోజుకు రెండు కుటుంబాలు, అంతే. నేను చాలా బ్యాచులతో చూశాను, మూడో కుటుంబం పెట్టగానే మొదటిది జారుతుంది.

తప్పు: అక్షరాలు లెక్కపెట్టకపోవడం. ఎడారి అనే మాటలో ఒక ఎస్, ఆరక్షరాలు. భోజనం తర్వాత తినే తీపిలో రెండు ఎస్‌లు, ఏడు అక్షరాలు. పైగా ఆ ఒక ఎస్ ఉన్న మాటనే 'డిజర్ట్' అని చివర నొక్కి పలికితే వదిలేసి పోవడం అనే క్రియ అవుతుంది.
సరిచేయడం: వేళ్ల మీద లెక్కపెట్టండి. సిగ్గేం లేదు.

తప్పు: చివర ఎస్, ఈడీ ఉన్న మాటను కొత్త మాటగా బట్టీ పట్టడం. సెవర్స్ అంటే తెలియక వెతుకుతారు, ఎస్ తీసేస్తే సెవర్, తెంచడం. అదే అక్షరాలతో సర్వ్స్ అంటే వడ్డిస్తాడు, వర్సిజ్ అంటే పద్య పాదాలు. ఈ చివరిదానికి పక్కనే వర్సస్ ఉంది, ఒకరికి ఎదురుగా ఇంకొకరు అని, యు ఒక్కటే తేడా.
సరిచేయడం: ముందు తోక కత్తిరించి మూలం రాయండి, తర్వాత తోక అతికించండి.

తప్పు: స్పెల్ చెక్ ఉంది కదా అనుకోవడం. నేను ఒకచోట కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సెలవు అర్జీలో 'క్యాజువల్ లీవ్' అని రాయాల్సింది యు, ఎస్ తారుమారు చేసి 'కాజల్ లీవ్' అని టైపు చేసి పంపాను. కంప్యూటర్ కింద ఎర్ర గీత కూడా పెట్టలేదు, ఎందుకంటే అదీ మాటే, కారణానికి సంబంధించిన అని అర్థం. మా పై అధికారి ఆ అర్జీ మీద 'కారణం రాయలేదేం?' అని రాసి వెనక్కి పంపాడు. యునైటెడ్ రాయబోయి అన్‌టైడ్ రాసినా అంతే, కలిసినవాళ్లు కాస్తా ముడి విప్పుకున్నవాళ్లవుతారు.
సరిచేయడం: ఇలా కవలలున్న మాటల చిన్న జాబితా ఒకటి నోట్‌బుక్ చివరి పేజీలో పెట్టుకుని, ముఖ్యమైన కాగితం పంపేముందు వాటి కోసమే ఒకసారి వెతకండి.

7. పరీక్షలో వాడే తీరు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశలో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అందుకని ఊహించి పెట్టడం కన్నా కొట్టేయడం నేర్చుకోవాలి.

ఖాళీ పూరించే ప్రశ్న వస్తే ముందు ఖాళీకి పేరు కావాలా, పని కావాలా, గుణం కావాలా చూడండి. అడ్వైస్, ఎఫెక్ట్ జంటలు అక్కడికక్కడే తేలిపోతాయి, అర్థం దాకా పోనక్కర్లేదు.

రీజనింగ్‌లో 'ఈ మాటలోని అక్షరాలతో ఏ మాట రాదు' అనే ప్రశ్న వస్తుంది. తాళం రాయడం అలవాటైన వాళ్లకు ఇది పది సెకన్ల పని. జంట అక్షరాలను మాత్రం జాగ్రత్తగా చూడాలి. సిస్టర్‌లో ఎస్‌లు రెండు, కాబట్టి రెసిస్ట్ వస్తుంది. డిజైర్‌లో ఈలు రెండు, కాబట్టి రిజైడ్, అంటే నివసించడం, వస్తుంది. క్రెడిట్ నుంచి డైరెక్ట్ వస్తుంది. మాస్టర్ నుంచి స్ట్రీమ్ వస్తుంది, స్టీమర్ రాదు, ఎందుకంటే దానికి రెండో ఈ కావాలి, మాస్టర్‌లో ఉన్నది ఒక్కటే.

☐ ఖాళీకి ఏ రకం మాట కావాలో చూశానా
☐ నాలుగు ఆప్షన్లలో కవలలు ఎవరో గుర్తించానా
☐ తేడా అక్షరం దగ్గర ఆగి చూశానా
☐ రెండు మాత్రమే మిగిలితేనే ఊహ, మూడు మిగిలితే వదిలేశానా

8. వారం ప్లాను

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు రెండు కుటుంబాలు, అరగంట. శనివారం కొత్తవి ఏమీ వద్దు, ఆ వారం చీటీలన్నీ కలిపేసి ఒక్కొక్కటి తీసి అర్థం, కవల రెండూ చెప్పాలి. అర్థం చెప్పి కవలను చెప్పలేకపోతే ఆ చీటీ ఓడిపోయినట్టే లెక్క. ఆదివారం సెలవు. బోనాలో పెళ్లో ఉండి ఒక రోజు పోతే రెండో రోజు నాలుగు కుటుంబాలు చదివి సర్దేయాలని చూడొద్దు, ఉన్నచోటి నుంచే పొండి.

చదివిన కుటుంబాన్ని మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు మళ్లీ తిప్పాలి. పేజీ మూలన ఆ తేదీలు ముందే రాసిపెట్టుకోండి. బస్సులో కాజీపేట నుంచి హనుమకొండ వచ్చేలోపు పది చీటీలు తిప్పొచ్చు, సీటు దొరికితే.

కలిసి చదివేవాళ్లుంటే ఒకరు తాళం చదవాలి, ఇంకొకరు మాటలు చెప్పాలి.

9. ఇప్పుడు మీ చేత్తో

తాళాలు ఇస్తున్నా, పక్కన చిన్న గుర్తు. కాగితం మీద గుండ్రంగా రాసుకుని పట్టండి, కింద జవాబులు చూడకుండా.

ఒకటి: సి, ఈ, ఈ, ఆర్, ఎస్, యు. ఒకటి భద్రం చేయడం, ఇంకోటి ఆపద నుంచి కాపాడటం.
రెండు: ఈ, జి, ఐ, ఎన్, ఓ, ఆర్. ఒకటి ప్రాంతం, ఇంకోటి పట్టించుకోకపోవడం.
మూడు: ఈ, ఎల్, ఓ, ఎస్, వి, డబ్ల్యూ. ఒకటి వ్యాకరణంలో ఉంటుంది, ఇంకోటి అడవిలో.
నాలుగు: ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, టి. ఒకటి ఉంచుకోవడం, ఇంకోటి కంటి లోపలి పొర.
ఐదు: ఏ, సి, ఈ, హెచ్, ఆర్, ఎస్. ఒకటి వెతకడం, ఇంకోటి ఖిలా వరంగల్ తోరణాలు చూస్తే గుర్తొచ్చేది.
ఆరు: ఏ, డి, ఈ, ఆర్, ఆర్, డబ్ల్యూ. ఒకటి బహుమానం, ఇంకోటి బల్లకు ఉండే సొరుగు, మూడోది జైలు కాపలాదారు.

జవాబులు: సెక్యూర్, రెస్క్యూ. రీజియన్, ఇగ్నోర్. వవెల్స్, వుల్వ్స్. రిటెయిన్, రెటినా. సెర్చ్, ఆర్చెస్. రివార్డ్, డ్రాయర్, వార్డర్. ఐదోదాంట్లో మూడో మాట చేజర్ కూడా పట్టినవాళ్లు ఆ పేజీకి ఎడమవైపు దాన్ని రాసేసి, పక్కన మూడో రోజు తేదీ వేసుకోండి.